న్యూట్రల్‌కి రాని గేరు

మొన్నమొన్నటి దాకా నాకు తెలిసిన పడవలు రెండే రకాలు. ఒకటి, చిన్నప్పుడు శివరాత్రికి మమ్మల్ని పట్టిసీమ దాటించే లాంచీ. రెండోది, సినిమా క్లైమాక్సులో విలన్ పారిపోయే స్పీడు బోటు. మొదటిదాంట్లో అమ్మ కొంగు పట్టుకుని కూర్చునేవాణ్ణి, రెండోదాన్ని చూసి ఈలలేసేవాణ్ణి. ఏదో ఒక రోజు బోటు గేరు గురించి ఇంత పొడుగు రాసేంత జ్ఞానం నాకు కలుగుతుందనీ, ఆ జ్ఞానానికి ఫీజు వేరొకరి చేతివేళ్ళు కట్టాల్సొస్తుందనీ కల్లో కూడా అనుకోలేదు.

అసలు సంగతికొస్తాను.

నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన, ఆల్ఫారెట్టాలో. ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, శనివారం సాయంత్రం ఇండియన్ గ్రోసరీలో గోంగూర కట్టల దగ్గర నిలబడితే సగం ఆఫీసు కనిపిస్తుంది. మా ఇంటి నుంచి అరగంట కారులో వెళ్తే లేక్ లేనియర్ వస్తుంది. చాటహూచీ నది మీద 1950ల్లో అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం బ్యూఫోర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన జలాశయం. సుమారు 38 వేల ఎకరాల నీళ్ళు. వేసవిలో ఆదివారం వస్తే మన సంక్రాంతి తీర్థంలా ఉంటుంది, కాకపోతే ఎడ్లబళ్ళ బదులు బోట్లు.

2025 మార్చిలో ముగ్గురం కలిసి ఒక పాత బోటు కొన్నాం. నేను, మా రూమ్మేటు, మా ఆఫీసులోనే పనిచేసే ఒకాయన. ఆయన నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద, నేను అన్నా అనే పిలుస్తాను, వాళ్ళావిణ్ణి వదినా అంటాను. వాళ్ళకి ఆరేళ్ళ పాప. బోటు పద్ధెనిమిది అడుగులది, వెనకాల తగిలించే తొంభై హార్స్‌పవర్ ఇంజను, వయసు మాత్రం ఇరవై దాటింది. తలా రెండు వేల డాలర్లు. ఆ ఆలోచన నాది, ఆ బోటు వెతికింది నేను, "కొందాం అన్నా, అద్దెకి తీసుకునే డబ్బులతో రెండేళ్ళలో తీరిపోతుంది" అని ఎక్సెల్ షీటు వేసి మరీ ఒప్పించింది నేను. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అమ్మకి మాత్రం చెప్పలేదు. మాది కొవ్వూరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన దగ్గర్నుంచి మా ఇంట్లో బోటు అనే మాట ఎత్తితే అమ్మ మొహం మారిపోతుంది. వీడియో కాల్లో "వీకెండ్ ఏం చేశావురా" అంటే "ఊరికే, చెరువు గట్టుకెళ్ళాం" అనేవాణ్ణి. అబద్ధం కాదు. నిజమూ కాదు.

జార్జియాలో ఒక రూలుంది. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు మోటారు బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసై ఉండాలి. నేను సరిగ్గా 1998 బ్యాచి. అన్న అంతకుముందే పుట్టాడు కాబట్టి ఆయనకి మినహాయింపు. ఒక శనివారం కూర్చుని ఆన్‌లైన్లో కోర్సు చదివేసి, పరీక్ష రాసేసి, కార్డు సంపాదించాను. మా రూమ్మేటు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాడు :-) అలా పరీక్ష పాసైన పుణ్యానికి నేను కెప్టెన్నయ్యాను. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు దాటడం మనకి ఎంసెట్ నాటి విద్య. నీళ్ళు దాటడం వేరే విద్య అని అప్పటికింకా తెలీదు.

ఇక్కడ బోటు గేరు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

కార్లో లాగా బోటులో గేరుకి ఒకటి, యాక్సిలరేటరుకి ఒకటి అని ఉండవు. మా బోటులాంటి వాటిలో స్టీరింగు పక్కన ఒకటే లివరు. నిటారుగా ఉంటే న్యూట్రల్. కొంచెం ముందుకి తోస్తే ఫార్వర్డ్ గేరు పడుతుంది, ఇంకా తోస్తే వేగం పెరుగుతుంది. వెనక్కి లాగినా అంతే. కొంచెం లాగితే రివర్సు గేరు, ఇంకా లాగితే రివర్సులో వేగం. అంటే ఒక్క లివరు రెండు పనులు చేస్తుంది. లోపల మాత్రం రెండు వేర్వేరు కేబుళ్ళు వెనకున్న ఇంజను దాకా వెళ్తాయి. ఒకటి గేరుకి, ఒకటి వేగానికి. సైకిలు బ్రేకు తీగ లాంటివే, కాకపోతే ఇవి లాగడమే కాదు, తోస్తాయి కూడా.

ఇంజను నుంచి ఒక నిలువు కడ్డీ నీళ్ళలోకి దిగుతుంది. దాని కొసన చిన్న పళ్ళ చక్రం. అది ముందొకటి వెనకొకటి ఉన్న ఇంకో రెండు పళ్ళ చక్రాలని ఎదురెదురు దిక్కుల్లో తిప్పుతూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్యా, ప్రొపెల్లరు కడ్డీ మీద, అటూ ఇటూ జరిగే ఒక ముక్క ఉంటుంది. దాన్ని డాగ్ క్లచ్ అంటారు. అది ముందు చక్రాన్ని కరిచి పట్టుకుంటే బోటు ముందుకి, వెనక చక్రాన్ని పట్టుకుంటే వెనక్కి, మధ్యలో ఖాళీగా ఉంటే న్యూట్రల్. కార్లో లాగా మెత్తగా జారుతూ కలిసే క్లచ్ కాదు, పళ్ళలో పళ్ళు పడాల్సిందే. అందుకే ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, నసుగుడు లేకుండా ఒక్కసారిగా గేరు మార్చాలి. 'టక్' మని శబ్దం వస్తుంది, అది ఆరోగ్యానికి లక్షణమే.

ఇంకో సంగతి. బోటుకి బ్రేకులుండవు. రివర్సు గేరే బ్రేకు.

ఇప్పుడు ఆ ఆదివారం. జూన్ నెల. నేను, రూమ్మేటు, అన్న, వదిన, పాప. పొద్దున్న పులిహోర, పెరుగన్నం సర్దుకుని బయల్దేరాం. జార్జియాలో పదమూడేళ్ళ లోపు పిల్లలకి బోటు కదులుతున్నప్పుడు లైఫ్ జాకెట్ తప్పనిసరి, పాప గులాబి రంగు జాకెట్లో బుట్టబొమ్మలా ఉంది. మధ్యాహ్నం దాకా ఏ గొడవా లేదు. నీళ్ళలో దిగాం, ఫొటోలు దిగాం, పులిహోర తిన్నాం. మూడింటికి ఒడ్డుకి తిరిగొస్తున్నాం.

డాకుకి వంద అడుగుల లోపు వస్తే ఇక్కడి చట్టం ప్రకారం ఇంజను ఐడిల్ వేగంలోనే ఉండాలి. అలాగే వస్తున్నాను. డాకు మీద ఒకాయన చిన్న కొడుకుతో కూర్చుని చేపలు పడుతున్నాడు. అన్న ముందు భాగంలో తాడు పట్టుకుని నిలబడ్డాడు. నలభై అడుగులు. ఇక న్యూట్రల్‌కి తెద్దామని లివరు లాగాను.

రాలేదు.

మళ్ళీ లాగాను. గోడకి కొట్టిన మేకులా ఉంది. అప్పుడు నేను చెయ్యాల్సిన పని ఒకటే, ఇంజను ఆపెయ్యడం. తాళం తిప్పినా చాలు. నా ముంజేతికి ఎర్ర తాడు కూడా ఉంది. డ్రైవరు నీళ్ళలో పడిపోతే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో ఫెడరల్ చట్టం కూడా ఇలాంటి చిన్న బోట్లలో వేగంగా వెళ్ళేటప్పుడు దాన్ని తగిలించుకోమంటుంది. కోర్సులో ఆ ప్రశ్నకి కరెక్టుగానే టిక్కు పెట్టాను. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది కోర్సు కాదు. డాకు మీదున్నాయన చూస్తున్నాడు, వదిన చూస్తోంది, ఎక్సెల్ షీటు వేసిన కెప్టెన్ని నేను. రెండు చేతులతో లివరు పట్టుకుని, కాలు కింద ఆనించి, బలమంతా పెట్టి గుంజాను.

'పుటుక్కు'మంది. లివరు ఒక్కసారిగా వెన్నలా వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. వచ్చింది కదా అని అదే ఊపులో ఇంకొంచెం వెనక్కి లాగాను, రివర్సు పడి బోటు ఆగుతుందని.

బోటు ముందుకి దూకింది.

ఏం జరిగిందో ఇప్పుడు పూస గుచ్చినట్టు చెప్పగలను. గేరు కేబులు లోపల తెగిపోయింది. లివరు రివర్సులో ఉంది, కానీ నీళ్ళ కింద గేరు ఇంకా ఫార్వర్డులోనే ఉంది. వేగం కేబులు మాత్రం నిక్షేపంగా ఉంది. కాబట్టి నేను 'వెనక్కి' అని ఎంత లాగితే బోటు అంత వేగంగా ముందుకి వెళ్తుంది. ఆపడానికి లాగుతున్న కొద్దీ పరిగెత్తే బండి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వదిన "ఆపు, ఆపు" అని అరిచింది. నేను లివరు వదిలేసి చెయ్యి వెనక్కి విసిరాను, ఆలోచించి కాదు, భయంతో. ముంజేతికున్న ఎర్ర తాడు ఊడింది. ఇంజను చచ్చిపోయింది. కానీ అప్పటికే ఊపందుకున్న బోటు జారుతూనే పోయింది. డాకు మీదాయన కొడుకుని ఎత్తుకుని వెనక్కి దూకాడు. అన్న చెయ్యి చాపి డాకు స్తంభాన్ని ఆపబోయాడు. కొన్ని వందల కిలోల బోటుని చేత్తో ఆపబోయాడు, ఎందుకంటే వెనకాల పాప ఉంది. బోటు అంచుకీ స్తంభానికీ మధ్య ఆయన ఎడమ చెయ్యి పడింది.

చిటికెన వేలు విరిగింది. ఉంగరపు వేలికి కుట్లు పడ్డాయి. పాపకి, మిగతా అందరికీ ఏమీ కాలేదు. ఆస్పత్రిలో ఎమర్జెన్సీ గది బయట ఆ నాలుగు గంటలూ వదిన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి మా రూమ్మేటు అన్నాడు, "పాత బోటు కదరా, కేబులు తెగింది, మనమేం చేస్తాం" అని. నేను కూడా "అవున్రా, తెగింది" అన్నాను.

ఇక్కడ కాస్త ఆగాలి. మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. తెగింది, తెంపాను. విరిగింది, విరిచాను. పోయింది, పోగొట్టాను. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మనిషి మాయమైపోతాడు. గ్లాసు పగిలిందమ్మా అంటాం గానీ పగలగొట్టానమ్మా అనం, చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆఫీసులో సర్వర్ పడిపోయినప్పుడు మేం రాసే పోస్ట్‌మార్టం రిపోర్టుల్లో కూడా 'కాన్ఫిగరేషన్ మారింది' అని ఉంటుంది, ఎవరు మార్చారో ఉండదు. దాన్ని బ్లేమ్‌లెస్ అంటారు. మంచి పద్ధతే, మనిషిని ఉరి తియ్యకుండా కారణాన్ని వెతకడానికి పెట్టింది. కానీ నాలాంటివాడు దాని చాటున హాయిగా దాక్కోవచ్చు.

ఎందుకంటే నాకు ముందే తెలుసు.

ఆ లివరు మూడు వారాల నుంచి బిగుసుగా ఉంటోంది. మొదటి వారం ఏదో కొంచెం పట్టేసినట్టుంది అనుకున్నాను. రెండో వారం మోచేతి బలం పెట్టాల్సొచ్చింది. ఎవరూ చూడకుండా లివరు మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. బయట కొట్టిన స్ప్రే లోపలున్న తీగకి ఎలా చేరుతుంది చెప్పండి? కడుపునొప్పికి తలకి అమృతాంజనం రాసినట్టు. మూడో వారం 'ఇవాళ్టికి వెళ్ళొచ్చేస్తే వచ్చే వారం చూడొచ్చు' అనుకున్నాను. రూమ్మేటుకి గానీ అన్నకి గానీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, కొందామన్నది నేను కదా. 'ఏమయ్యా, నీ ఎక్సెల్ షీట్లో రిపేరు కాలమ్ లేదేం' అంటారని. అంతే. ఇంత చిన్న కారణం.

కోడ్ కంపైల్ చేస్తే పసుపు రంగులో వార్నింగులు వస్తాయి చూడండి, ఎర్రవి కాదు కాబట్టి బిల్డ్ అయిపోతుంది కాబట్టి స్క్రోల్ చేసేస్తాం. నేను చేసింది అదే. కాకపోతే బిల్డ్‌లో ఒక ఆరేళ్ళ పిల్ల కూర్చుని ఉంది.

తర్వాతి శనివారం బోటు దగ్గరకి ఒక్కణ్ణే వెళ్ళాను. మా హెచ్‌ఓఏ వాళ్ళు ఇంటి ముందు బోటు పెట్టనివ్వరు, నెలకింతని అద్దె కట్టి ఒక స్టోరేజీ యార్డులో ట్రైలరు మీద ఉంచుతాం. కొత్త కేబులు కొని మార్చేద్దామని నా ప్లాను. పక్క స్లాటులో డెబ్భై దాటిన ఒక పెద్దాయన తన బోటు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నా వాలకం చూసి బయటికొచ్చి ఏమైందని అడిగాడు. కేబులు తెగింది, మారుస్తున్నా అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు. కేబులు ఎందుకు తెగింది?

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళుగా కంప్యూటర్ల ముందు కూర్చుని రూట్ కాజ్, రూట్ కాజ్ అని జపం చేస్తున్నవాణ్ణి, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. నిజమే కదా. కింద గేరు పెట్టెలో ఏదైనా పట్టేసి ఉంటే, ఆ బరువంతా మోసి మోసి కేబులు తెగి ఉంటే, కొత్త కేబులు కూడా మూడు నెలల్లో తెగుతుంది. తెగిన కేబులు రోగమా, రోగ లక్షణమా?

ఆయన చెప్పిన పద్ధతి మనకి తెలిసిందే. మొత్తం గొలుసులో మూడు ముక్కలున్నాయి. లివరు పెట్టె, కేబులు, కింద గేరు. మూడూ కలిసి ఉన్నంత కాలం ఎవరిది తప్పో తెలీదు, మూడూ కలిసే బిగుసుకుంటాయి. కాబట్టి ముందు విడదియ్యి. బలం పెట్టడం తర్వాత, అసలు బలం పెట్టాల్సిన అవసరం ఉంటే.

ముందు తాళం తీసేసి జేబులో పెట్టుకున్నాం, ఎర్ర తాడు ఊడదీశాం, బ్యాటరీ వైరు కూడా విప్పేశాం. ప్రొపెల్లరు దగ్గర చెయ్యి పెట్టే పని, పొరపాటున ఇంజను కదలడానికి అన్ని దార్లూ మూసెయ్యాలి. తర్వాత ఇంజను మూత ఎత్తి, గేరు కేబులు కొస ఇంజనుకి తగులుకున్న చోట పిన్ను తీసి విడదీశాం. అక్కడ గేరుని కదిపే చిన్న చెయ్యి లాంటి కడ్డీ ఉంటుంది. దాన్ని నన్ను చేత్తో కదపమన్నాడు. వెనకాల ఆయన ప్రొపెల్లరుని మెల్లగా తిప్పుతున్నాడు. ఎందుకు తిప్పాలంటే, ఇంజను ఆగి ఉన్నప్పుడు పన్నుకి ఎదురుగా పన్నే వచ్చి నిలబడితే గేరు పడదు. అది చెడిపోయిందనుకుని జనం బలం పెట్టి నిజంగానే చెడగొడతారట. ప్రొపెల్లరు కొంచెం తిరగ్గానే పన్ను సందులో పడుతుంది.

ఫార్వర్డ్, టక్. న్యూట్రల్, టక్. రివర్సు, టక్. రెండు వేళ్ళతో కదిలింది. న్యూట్రల్లో ప్రొపెల్లరు రెండు వైపులా హాయిగా తిరిగింది. గేరు పెట్టె నిర్దోషి.

ఇప్పుడు రెండో కొస. స్టీరింగు పక్కనున్న పెట్టె విప్పి గేరు కేబులు అక్కడా విడదీశాం. ఉత్త లివరుని అటూ ఇటూ ఆడిస్తే ఎక్కడా పట్టకుండా ఆడింది. అది కూడా నిర్దోషి. మిగిలింది కేబులు ఒక్కటే. మొత్తం పట్టుమని ఇరవై నిమిషాలు. బైనరీ సెర్చ్ అని నాకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేర్పారు, ఇంటర్వ్యూలో తెల్ల బోర్డు మీద రాశాను, ఉద్యోగం కూడా వచ్చింది. లివరు బిగుసుకున్న మూడు వారాల్లో ఒక్కసారి వాడలేదు.

కేబులు బయటికి లాగడం మొదలెట్టాం. బ్యాటరీ పెట్టె వెనకాల పట్టేసింది. టార్చి వేసి చూశాం. బ్యాటరీ వైర్లనీ ఆ గేరు కేబుల్నీ కలిపి, ఒక నల్ల జిప్ టై గట్టిగా, మొక్కజొన్న పొత్తులు కట్టినట్టు బిగించి ఉంది. అక్కడ కేబులు బాణం వంపులో కాక మోకాలు వంపులో ఉంది. ఇలాంటి కేబుళ్ళు మెల్లగా, పెద్ద వంపు తిరగాలి తప్ప ఇలా మడత పడకూడదు. పడితే లోపలి తీగ గొట్టాన్ని ఒరుసుకుంటుంది. ఆ మడత దగ్గర పై తొడుగు పగిలింది. పగుల్లోంచి నీళ్ళు పోయాయి. ఆ చోట తొడుగు కోసి చూస్తే లోపల తీగ ఎర్రగా తుప్పు పట్టి ఉబ్బి ఉంది. సరిగ్గా అక్కడే తెగింది.

పెద్దాయన ఆ జిప్ టై చేతిలో పట్టుకుని, ఎవడు కట్టాడో గానీ, అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఏప్రిల్లో కొత్త బ్యాటరీ వేసినప్పుడు, వైర్లు వేలాడుతూ అసహ్యంగా ఉన్నాయని, నీట్‌గా ఉండాలని, యూట్యూబ్ చూసి, చక్కగా కట్టి, ఫొటో తీసి మా ముగ్గురి గ్రూపులో పెట్టింది నేను. అన్న దానికి బొటనవేలు కూడా పెట్టాడు. బగ్గు ఎవరు పెట్టారా అని గిట్ బ్లేమ్ కొడితే మన పేరే వస్తుంది చూడండి, అచ్చం అలా. పాత ఓనరూ కాదు, బోటు వయసూ కాదు. కట్టింది నేను, బిగుసుకుంటోందని తెలిసి మూసిపెట్టింది నేను, గుంజి తెంపింది నేను.

అక్కడితో ఆపేసి ఎవరికీ చెప్పకుండా కొత్త కేబులు వేసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఈ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కారులో కూర్చుని పావుగంట అదే ఆలోచించాను. జిప్ టై నా జేబులో ఉంది. చివరికి ఆ పావుగంటలో నాకు అర్థమైంది ఏంటంటే, నేనిప్పుడు చేస్తున్నది మూడు వారాల కిందట చేసిందే. మళ్ళీ స్ప్రే కొట్టడమే.

నేరుగా అన్న వాళ్ళింటికి వెళ్ళాను. చేతికి కట్టుతో ఒంటి చేత్తో లాప్‌టాప్ మీద ఏదో కొడుతున్నాడు. జిప్ టై బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. కట్టింది, బిగుసుకున్నది, స్ప్రే, ఎవరికీ చెప్పకపోవడం. నీళ్ళు నమలకుండా, అన్నీ 'ను' తోనే చెప్పాను. కట్టాను, దాచాను, తెంపాను.

అన్న కాసేపు ఆ జిప్ టైని తిప్పి తిప్పి చూశాడు. "కట్టడం తెలీక చేశావు, అది వదిలెయ్. గుంజడం కంగార్లో చేశావు, నేనున్నా గుంజేవాణ్ణేమో. బిగుసుగా ఉందని చెప్పకపోవడం మాత్రం ఆలోచించి చేశావురా. చెప్పుంటే ఆ రోజు మేం బోటెక్కేవాళ్ళం కాదు, అంతే కదా. ఇంట్లో కూర్చుని పులిహోర తినేవాళ్ళం."

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి వదిన అంతా వింది. టీ తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు.

కేబులు వేయడం పెద్ద పని కాదు. పాతదాని తొడుగు మీద అచ్చేసి ఉన్న నంబరు చూసి అదే పొడుగుది తెప్పించాం. రెండూ ఒకే వయసువి కాబట్టి వేగం కేబులు కూడా మార్చేశాం. లివరునీ కింద గేరునీ రెంటినీ న్యూట్రల్లో ఉంచి, అప్పుడు కేబులు కొసలు సరిచూసి తగిలించాలి, లేకపోతే ఒక గేరు పూర్తిగా పడుతుంది, ఇంకోటి అరకొరగా పడి పళ్ళు అరుగుతాయి. ఈసారి కేబులు ఎక్కడా నలగకుండా, పెద్ద వంపుతో, వదులుగా వేశాం. చూడ్డానికి నీట్‌గా లేదు. పర్లేదు.

మీలో ఎవరైనా బోటు కొన్నా, అద్దెకి తీసుకున్నా, నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు. డాకు దగ్గరకొచ్చాక కాదు, ఇంకా దూరంగా నీళ్ళు ఖాళీగా ఉన్న చోటే ఒకసారి రివర్సు వేసి చూసుకోండి, బ్రేకు పనిచేస్తోందో లేదో అక్కడే తెలుస్తుంది. లివరు బిగుసుకుంటే బలం పెట్టకండి, ఇంజను ఆపి, లంగరు వేసి, సాయానికి ఫోను చెయ్యండి. పరువు పోదు, పోయినా తిరిగొస్తుంది. బిగుసుకున్న లివరు కన్నా ఉన్నట్టుండి తేలికైపోయిన లివరు ఇంకా ప్రమాదం, అది కింద గేరుతో మాట్లాడ్డం మానేసిందని అర్థం, దాంతో వేగం మాత్రం ఇవ్వకండి. డాకు మీదకి బోటు వెళ్ళిపోతుంటే ఎవరూ చేతులూ కాళ్ళూ అడ్డం పెట్టకూడదని బయల్దేరే ముందే అందరికీ చెప్పండి. నేను చెప్పలేదు.

బోటులో ఇప్పుడొక రెండొందల పేజీల నోటుబుక్కు ఉంది. ఎవరికి ఏ చిన్న తేడా అనిపించినా, శబ్దం, వాసన, బిగుసు, ఏదైనా తేదీ వేసి రాయాలి. రాసినందుకు ఎవరూ ఎవర్నీ వెక్కిరించకూడదు. మొదటి పేజీలో జిప్ టైని టేపుతో అంటించాను. కింద రాసిన మొదటి లైను 'గేరు కేబులు నేను తెంపాను'. రెండో లైను మా రూమ్మేటుది, 'వెనక సీటు కుషన్ కింద చీమలు' :-)

అమ్మకి కూడా చెప్పేశాను. ఊహించినట్టే ఫోన్లో పది నిమిషాలు గోదావరి పొంగింది. చివర్లో "ఆ అబ్బాయి వేలు ఎలా ఉంది" అని అడిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం అదే అడుగుతోంది. అన్న వేలు అతికింది, కానీ పూర్తిగా మడవలేడు. కీబోర్డు మీద ఎడమ చేతి చిటికెన వేలితో కొట్టే అక్షరాలు ఇప్పుడు ఉంగరపు వేలితో కొడుతున్నాడు. అలవాటైపోయింది అంటాడు. పక్క సీట్లో కూర్చుంటాను కాబట్టి అది నాకు రోజూ కనిపిస్తుంది.

సెప్టెంబర్లో మళ్ళీ నీళ్ళలోకి దిగాం. వదిన రాదనుకున్నాం. పాప గొడవ చేస్తే వచ్చింది. బోటెక్కి కూర్చోకుండా సరాసరి స్టీరింగు దగ్గరకొచ్చి నిలబడింది. జూన్ తర్వాత నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అది.

"ఆ రోజు ఆపు ఆపు అని అరవడం తప్ప ఏది లాగాలో నాకు తెలీలేదు. ఆ ఎర్ర తాడేదో చూపించు."

చూపించాను. ఇంజను స్టార్టు చేయమంది. చేశాను. తనే తాడు లాగింది. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేయమంది, మళ్ళీ లాగింది. తర్వాత పాపని పిలిచి దానిచేత కూడా ఒకసారి లాగించింది. అప్పుడు వెళ్ళి సీట్లో కూర్చుని, "పద" అంది.

లివరు ముందుకి తోశాను. టక్ మని పడింది.